గడియారం మావయ్య సెలవు పెట్టిన వారం

సెలవు పెట్టిన మొదటి రోజు ఆయన తెల్లారకముందే లేచి, స్నానం చేసి, ఖాకీ చొక్కా తొడుక్కుని, గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే వంటింట్లోంచి భార్య కేకేసింది.

"ఎక్కడికండీ?"

ఎక్కడికని చెప్పాలో ఆయనకే తెలీదు. చెప్పులు విప్పాడు. చొక్కా విప్పడానికి మాత్రం మనసొప్పలేదు. మధ్యాహ్నం దాకా ఆ ఖాకీలోనే ఇల్లంతా కలియదిరిగాడు.

సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయే ఆ రోడ్డు మీద రోజూ పోయి వచ్చే బస్సు ఒక్కటే. దాని డ్రైవరు ఆయనే. అసలు పేరు జీతం ఇచ్చే ఆఫీసులో ఎక్కడో రాసి ఉంటుంది గాని, దారి పొడుగునా చిన్నాపెద్దా అందరికీ ఆయన గడియారం మావయ్య. ఆయన హారన్ వినపడితే ఉప్పు మళ్ళలో కూలీలు పారలు కింద పెట్టి అన్నానికి లేచేవాళ్ళు. బడి పంతులు గోడ గడియారాన్ని ఆ హారన్ విని సరిచేసుకునేవాడు. ఇక ఇంట్లో సంగతి చెప్పనక్కర్లేదు. సాయంత్రం మలుపు దగ్గర హారన్ మోగగానే ఆవిడ పొయ్యి మీద బియ్యం పెట్టేది. ఆయన డిపోలో బస్సు అప్పగించి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేసరికి అన్నం ఉడికి దిగేది. ఇన్నేళ్ళూ ఆవిడ బతుకు ఆ బస్సు ప్రకారమే నడిచింది. ఆవిడ ఆ బస్సెక్కింది మాత్రం ఎప్పుడో ఒకసారి.

సెలవంటే ఆయనకి గిట్టదు. జ్వరమొస్తే మాత్ర మింగి బస్సెక్కేవాడు. కూతురి పెళ్ళి రోజున కూడా పొద్దున్న ట్రిప్పు వేసి వచ్చి, మెడలో చెమట తువ్వాలుతోనే వియ్యంకుడికి ఎదురెళ్ళాడు. చివరికి మేనేజరుకే విసుగెత్తి గదిలోకి పిలిచాడు.

"రేపో మాపో రిటైరవుతారు. కూడబెట్టిన సెలవంతా మురిగిపోతుంది. వారం రోజులు మీ మొహం ఈ చుట్టుపక్కల కనిపించిందంటే బాగుండదు."

"మరి బస్సో?" అన్నాడు ఈయన, ఇంట్లో చంటిపిల్లని ఎవరు చూసుకుంటారని అడిగినట్టు.

"బస్సు కోసం మీరొక్కరే పుట్టారా ఏంటి?" అన్నాడు మేనేజరు. నవ్వుతూనే అన్నాడు. ఈయనకి మాత్రం ఆ మాట రాత్రంతా నిద్రపట్టనివ్వలేదు.

రెండో రోజుకి ఇల్లు ఇరుకైపోయింది. తలుపు బందులకి నూనె వేశాడు. వంటింట్లో డబ్బాలన్నీ దించి ఎత్తు ప్రకారం సర్దాడు. పాపం ఆవిడ కారం కోసం చెయ్యి పెడితే పంచదార వచ్చింది. పాలు కాస్తుంటే వెనక నిలబడి, "మంట తగ్గించు. ఇప్పుడు కాదు, ఇంకాస్త ఆగు. ఆ, ఇప్పుడు" అంటూ తగులుకున్నాడు. వీధిలోంచి బస్సు పోయే వేళకి ఎక్కడున్నా పరుగున గేటు దగ్గరికి వెళ్ళేవాడు.

"లేటు!" అని కేకేసేవాడు, ఆ కొత్త డ్రైవరుకి వినపడకపోయినా ఎదురింటివాళ్ళకి వినపడేలా. "చూశావా? హారన్ నొక్కడమేనా అది? దగ్గొచ్చినవాడు దగ్గినట్టుంది."

ఆవిడ రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు పొద్దున్న గరిటె కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒకటడుగుతాను. పెళ్ళయినప్పట్నుంచీ మనిద్దరం బస్సులో ఒక్క సీట్లో పక్కపక్కన కూర్చున్నామా?"

ఆయన ఆలోచించాడు. చాలాసేపే ఆలోచించాడు. పెళ్ళై అత్తారింటికి వచ్చేటప్పుడు ఆవిడ వచ్చింది బస్సులోనే. కాకపోతే ఆ రోజు డ్యూటీ డ్రైవరు రాకపోతే స్టీరింగు ఈయనే పట్టుకున్నాడు. కొత్త పెళ్ళికూతురు మూటల మధ్య వెనక కూర్చుని ఆయన మెడ చూస్తూ వచ్చింది. ఆ తర్వాత ఆసుపత్రికెళ్ళినా, చుట్టాలింటికెళ్ళినా, ఎప్పుడెక్కినా ఆవిడకి కనపడింది ఆ మెడే.

"కూర్చోలేదు," అన్నాడు.

"ఆ రోడ్డు చివర, నది సముద్రంలో కలిసే చోట ఎలా ఉంటుందని ఎన్నిసార్లు అడిగాను? మీరేం చెప్పారు?"

దీనికి ఆలోచించాల్సిన పని లేదు. "బస్సు తిప్పుకోడానికి చోటు బాగుంటుందని చెప్పాను. బాగుంటుంది కాబట్టే చెప్పాను."

"అదీ సంగతి. రేపు మనిద్దరం బస్సెక్కి ఆ చివరిదాకా వెళ్ళాలి. మీరు నా పక్కన కూర్చోవాలి. నోరు మెదపకూడదు. నాకింకేం వద్దు. నగలూ వద్దు, చీరలూ వద్దు. ఒక్కరోజు మొగుడి పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తూ వెళ్ళాలని ఉంది. మీరు రిటైరయ్యాక మనల్ని ఆ బస్సు ఎవరూ ఎక్కించరు, ఆ మోకాళ్ళతో మీరూ ఎక్కరు."

గొంతు పెంచి అనలేదు. గొంతు పెంచి ఉంటే ఆయన ఏదో ఒకటి అని తప్పించుకునేవాడే. సరేనన్నాడు. నోరు మెదపనని మాట కూడా ఇచ్చాడు. ఆ మాట ఇచ్చేటప్పుడు నిజంగానే ఇచ్చాడు, అందులో అనుమానం లేదు.

మర్నాడు ఆవిడ నీలం చీర కట్టుకుని, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, పెళ్ళికి బయల్దేరినంత హుషారుగా బయల్దేరింది. ఇంటికంతా ఉన్న ఒక్క ఫోనూ ఎప్పట్లాగే ఆయన చొక్కా జేబులోకి చేరింది. బస్సులో కండక్టరు వాళ్ళని చూసి పళ్ళన్నీ బయటపెట్టి, "రా వదినా, రా అన్నా! పాసులేగా, మీకు టిక్కెట్టు కొడితే నా చెయ్యి విరిగిపోదూ?" అన్నాడు. ఆవిడ మధ్యలో ఒక సీటు చూసుకుంది. ఈయన చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కెళ్ళి, సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టాడు.

"ఇక్కడైతే గాలి బాగా వస్తుంది," అన్నాడు.

ఆవిడ ఆయన మొహం వంక ఒకసారి చూసి, కిటికీ పక్కకి జరిగింది.

బస్సు కదిలింది. ఊరు దాటింది. ఒక పక్క ఉప్పు మళ్ళు, ఎండకి తెల్లగా కళ్ళు మిరుమిట్లు గొలుపుతున్నాయి. ఇంకో పక్క ఇసుక దిబ్బలు, వాటి సందుల్లోంచి ఉండుండి సముద్రం. ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని చిన్నపిల్లలా చూస్తోంది. "అదిగో చూశారా, ఆ పడవ!" అని ఆయన భుజం తట్టింది. ఆయన పడవని చూడలేదు. ఆయన కుడికాలు నేలని తొక్కుతోంది. ముందున్న డ్రైవరు బ్రేకు వెయ్యాల్సిన చోటల్లా ఈయన కాలు ముందే వేసేస్తోంది. ఎడంచెయ్యి గాల్లో గేరు రాడ్డు కోసం వెతుక్కుంటోంది.

"ఏమండీ, పడవ."

"ఊఁ, పడవ," అన్నాడు ఆయన, స్పీడు ముల్లు మీంచి చూపు తిప్పకుండా.

కాసేపు పెదాలు బిగబట్టుకుని కూర్చున్నాడు. గుంత వచ్చింది. కొత్త డ్రైవరు గుంతలో దించాడు. ఈయన గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. రెండో గుంతకి మాట బయటపడింది.

"ఎడంపక్కకి తియ్యాలి నాయనా."

కొత్త డ్రైవరు పాపం మర్యాదస్తుడు. "సరే గురువుగారూ" అన్నాడు. ఆ మర్యాదే ఈయనకి ఆసరా అయింది. ఇక ఆనకట్ట తెగింది. రెండో గేరులోకి రమ్మన్నాడు. క్లచ్చు మీద కాలు పెట్టుకుని కూర్చోవద్దన్నాడు. సరుగుడు తోట దగ్గరికి రాగానే లేచి నిలబడిపోయాడు.

"హారన్! ఇక్కడ పొడుగ్గా ఒక హారన్ కొట్టాలి. రేవులో పడవవాడు అది విని ఆగుతాడు. కొట్టకపోతే మనవాళ్ళని ఎక్కించుకోకుండానే పోతాడు. నీకెవరూ చెప్పలేదా? నాలుగు రోజుల్నుంచి కొట్టట్లేదా? అయ్యో అయ్యో!"

ఆవిడ ఆయన చొక్కా అంచు పట్టి కూర్చోబెట్టింది. "మాటిచ్చారు," అంది మెల్లగా.

"ఇదొక్కటే," అన్నాడు ఆయన. మొహం తిప్పుకుని కిటికీలోంచి చూసే ప్రయత్నం చేశాడు గాని, చెవులు మాత్రం ఇంజను దగ్గరే ఉన్నాయి. ఆవిడ ఇక పడవల్ని చూపించడం మానేసింది.

రేవు దగ్గర బస్సు కాసేపు ఆగుతుంది. ఒక టీ కొట్టు, నాలుగు బల్లలు, నీళ్ళలోకి దిగే రాతి మెట్లు. బస్సు ఆపీ ఆపకముందే ఈయన నోటి నుంచి, "చక్రం ఇంకాస్త ఇటు తిప్పి ఆపితే..." అని వచ్చింది. కొత్త డ్రైవరుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"గురువుగారూ, మీకు దండం పెడతా. ఇది మీ బస్సే. మీరే నడుపుకోండి, నేను దిగిపోతా!"

అంటూనే తలుపు తోసుకుని కిందికి దూకాడు. కోపంలో దూకినవాడు కింద చూసుకుంటాడా? రేవులో గవ్వలూ నాచూ పేరుకున్న రాయి మీద కాలు పడింది. పాదం మెలిక తిరిగింది. "అమ్మా!" అని అక్కడే కూలబడ్డాడు.

కండక్టరూ, ఇంకో ఇద్దరూ పట్టుకుని లోపలికి తెచ్చారు. కాలు చాపుకోవాలంటే పొడుగు సీటు కావాలి. ఆవిడే లేచి తన సీటిచ్చింది. చూస్తుండగానే చీలమండ నిమ్మకాయంత వాచింది. క్లచ్చు తొక్కడం ఆ కాలి వల్ల అయ్యే పని కాదు.

అందరి మొహాలూ గడియారం మావయ్య వైపు తిరిగాయి. అడక్కముందే ఆయన స్టీరింగు ముందున్నాడు. సెలవులో ఉన్నవాడు బస్సు ముట్టుకోకూడదని కండక్టరు ఒక మాట నసిగాడు గాని, నడిదారిలో బస్సునిండా జనాన్ని పెట్టుకుని ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఈయన సీటు సరిచేసుకుని, అద్దం సరిచేసుకుని, తువ్వాలు మెడలో వేసుకుని, అప్పటికే కొంచెం లేటయిందని కూడా చూసుకున్నాడు. అంతే, నాలుగు రోజుల నుంచి కాలు నిలవని మనిషి ఒక్కసారిగా కుదురుకున్నాడు. సంతోషం పట్టలేకపోయాడని చెప్పాలి. ఇంకోడి కాలు విరిగినంత పనయితే సంతోషమేంటని ఆ క్షణాన ఆయనకి తట్టలేదు.

ఆవిడేమో ఆ కుర్రాడి నొప్పి చూడలేక, తువ్వాలు ముక్క ఒకటి తీసుకుని, తడిపి తెచ్చి కాలికి చుడదామని రేవు మెట్లు దిగింది.

ఇక్కడ ఈ బస్సువాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. కండక్టరు జనాన్ని లెక్కపెట్టేది టిక్కెట్ల ప్రకారం. కొట్టిన టిక్కెట్లెన్ని, దిగినవాళ్ళెందరు, ఉన్న తలలెన్ని, అంతవరకే. పాసువాళ్ళు ఆ లెక్కలోకి రారు. డ్రైవరు పెళ్ళామైతే అసలే రాదు, ఆవిడ ఇంటిమనిషి. ఆవిడ సీటు చూస్తే నిండుగా ఉంది, కుర్రాడు కాలు చాపుకుని కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు. వదిన వెనక ఆడవాళ్ళలోకి వెళ్ళి ఉంటుందనుకున్నాడు కండక్టరు. ఈల వేశాడు.

ఈల పడ్డాక గడియారం మావయ్య వెనక్కి తిరిగి చూడడు. ముందు చూడడం డ్రైవరు వంతు, వెనక చూడడం కండక్టరు వంతు అని పనిలోకి వచ్చిన ప్రతి కొత్తవాడికీ ఆయనే నేర్పాడు. గేరు వేశాడు. బస్సు కదిలింది.

ఆ తర్వాత దారంతా ఆయన ఎంత ఒడుపుగా నడిపాడో చూసినవాళ్ళు చెప్పాలి. గుంతలన్నీ ఆయనకి దారిచ్చాయి. సందు మలుపుల్లో ఎదురొచ్చిన బండ్లు వాటంతట అవే పక్కకి ఒదిగాయి. అయిన ఆలస్యమంతా మెల్లమెల్లగా పూడ్చుకుంటూ వచ్చి, చివరి స్టాపులో సరిగ్గా టైముకి ఆపాడు. ఇంజను కట్టేసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. జనం దిగుతూ, "నువ్వుంటే ఆ లెక్కే వేరు మావయ్యా" అని పోతున్నారు. బస్సు ఖాళీ అయింది. ఆయన మొహమంతా వెలిగిపోతుండగా సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"చూశావా, టైముకి..."

వెనక సీట్లో వాచిన కాలు ఉంది. ఆవిడ లేదు.

"మీ వదినేదిరా?"

"వెనకుందిగా," అన్నాడు కండక్టరు. వెనక ఎవరూ లేరు. అన్నం సంచి మాత్రం సీటు కింద ఉంది. కొత్త డ్రైవరు కళ్ళు తెరిచి, "అమ్మగారు నా కాలికోసం తడిగుడ్డ తెస్తానని దిగారు గురువుగారూ. మళ్ళీ ఎక్కారనుకున్నా" అన్నాడు.

ఆయన గుండె గుభేలుమంది. అసలే ఆవిడ చేతిలో ఫోను లేదు, సంచి లేదు. ఈయన జేబులో ఫోను బరువుగా వేలాడుతోంది.

"బస్సు వెనక్కి తిప్పుదామా అన్నా?" అన్నాడు కండక్టరు, మొహం వెలవెలబోయి.

"సాయంత్రం ట్రిప్పుకి జనం వస్తారు కదా. దారిలో ఏదన్నా అయి బస్సు ఆగిపోతే..." అని మధ్యలో ఆగిపోయాడు. పెళ్ళాన్ని దారిలో పారేసుకుని కూడా తను బస్సు గురించే మాట్లాడుతున్నాడని ఆయనకే వినపడింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనయింది. ఇంకో మాట లేకుండా దిగి, వచ్చిన దారినే నడవడం మొదలుపెట్టాడు.

స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు ఆ దారి ఇంత పొడుగుంటుందని ఎన్నడూ తోచలేదు. ఇసుక చెప్పుల్లోకి వచ్చేస్తోంది. నెత్తి మీద ఎండ పేలిపోతోంది. ఐసు వ్యాను ఒకటి ఎదురైంది, వెనకనుంచి ఇంకోటి వచ్చింది. వెనకదానికి చెయ్యెత్తాడు. ఆగలేదు. మొహాన దుమ్ము కొట్టి పోయింది. దాని తర్వాత వచ్చిన కారూ ఆగలేదు. ఏడుపొచ్చినంత పనయింది. స్టాపు కాని చోట చెయ్యెత్తినవాళ్ళ కోసం ఆయన ఏనాడూ బస్సు ఆపలేదు. "స్టాపులో ఎక్కండి" అని అద్దంలోంచి చేత్తో చూపించి వెళ్ళిపోయేవాడు. వాళ్ళంతా తర్వాత ఏమయ్యారో ఆయనకెప్పుడూ పట్టలేదు.

చివరికి భుజాన వల వేసుకుని మోపెడ్ మీద పోతున్న ఒకడు ఆగి, ఎగాదిగా చూసి పకపకా నవ్వాడు.

"గడియారం మావయ్యా! నువ్వు చెయ్యెత్తడం కూడానా? ఒకసారి జోరువానలో నేనూ మా అమ్మా చెయ్యెత్తాం, గుర్తుందా నీకు?"

"గుర్తులేదు బాబూ."

"నీకెందుకు గుర్తుంటుంది, తడిసింది మేం కదా. ఎక్కు ఎక్కు."

వెనక కూర్చుని, వాసనేసే వల మొహానికి తగులుతుంటే, దారి పొడుగునా ఆయన ఒకటే కలవరం పడ్డాడు. మెట్ల మీద ఏడుస్తూ కూర్చుని ఉంటుంది. లేదా ఎండలో నడుచుకుంటూ వస్తుంటుంది. ఎదురొచ్చే ప్రతి చీరనీ తొంగి చూశాడు. ఏదీ నీలం కాదు. "కాస్త తొందరగా పోనీ" అన్నాడు. "నువ్వు నడుపుతావా?" అన్నాడు వాడు. ఆ తర్వాత ఈయన నోరు మూసుకున్నాడు.

రేవులో ఆవిడ లేదు. టీ కొట్టు ఆవిడ గ్లాసులు కడుగుతూ తలెత్తి చూసింది.

"మీ ఆవిడా? ఎప్పుడో పోయిందిగా."

"ఎక్కడికి?"

"చివరికే. అక్కడికేగా బయల్దేరింది? పడవ ఉంటే ఎక్కి పోయింది. రోడ్డు అడ్డమైన తిరుగుళ్ళూ తిరుగుతుంది గాని, నీళ్ళ మీద పోతే ఇదిగో ఇక్కడే."

ఆ రోడ్డు అరచేతిలా తెలుసనుకుంటూ, ఇన్నేళ్ళుగా పడవకి హారన్ కొడుతూ వచ్చిన మనిషికి అది ఎక్కడికి పోతుందో తెలీదు. "ఏడ్చిందా?" అని అడిగాడు.

"ఏడవడమెందుకు? టీ తాగింది, ఇంతసేపు నా పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది. నీ గురించి ఒక్క మాట కూడా అనలేదులే, భయపడకు."

ఆ మాటతో ఆయన భయం రెట్టింపయింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాతి పడవ కోసం రేవు మెట్ల మీద అటూ ఇటూ తిరిగాడు. పడవ ఎక్కాక కూర్చోలేకపోయాడు, పడవవాడు కసిరితే కూర్చున్నాడు. నీళ్ళ మీద ఆయనకిది మొదటిసారి. పడవ ఒరిగినప్పుడల్లా కుడికాలు చెక్కని తొక్కుతోంది. "దానికి బ్రేకు లేదు మావయ్యా, తొక్కకు" అన్నాడు పడవవాడు. ఈయన నవ్వలేదు. ఆవిడని చూడగానే ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నాడు. కండక్టరుది తప్పు. లెక్కపెట్టాల్సింది వాడు. వాడి మీదకి తోస్తే సరిపోతుందేమో అనుకున్నాడు. అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆవిడ చివర రాళ్ళ మీద కూర్చుని ఉంది. చెప్పులు పక్కన విడిచి, కాళ్ళు నీళ్ళకి ఆనీ ఆనకుండా పెట్టుకుని. ఆయన రొప్పుతూ వచ్చి ఎదురుగా నిలబడితే, అడ్డు జరగమన్నట్టు చేత్తో సైగ చేసింది. జరిగాడు. ఆవిడ పక్కన చోటుంది గాని కూర్చోవడానికి ధైర్యం చాలక నిలబడ్డాడు.

"కాలు ఎలా ఉంది ఆ కుర్రాడికి?" అంది ఆవిడ.

"తగ్గుతుంది. నువ్వు... నీకేం కాలేదు కదా?"

"నాకేమవుతుంది?"

ఆవిడ సముద్రం వైపే చూస్తూ అడిగింది. "ఎక్కడ గుర్తొచ్చాను?"

"ఆఁ?"

"నేను బస్సులో లేనని ఎక్కడ గుర్తొచ్చింది మీకు?"

అబద్ధం నోటి చివరే ఉంది. రేవు దాటగానే గుర్తొచ్చావు, రోడ్డు ఇరుకు, తిప్పడానికి వీల్లేదు, వెనక జనం గోల అనొచ్చు. ఆ రోడ్డు ఎక్కడ ఎంత వెడల్పో ఆవిడకేం తెలుసు? నమ్ముతుంది. నమ్మినట్టయినా ఉంటుంది. ఇద్దరూ సుఖంగా ఇంటికి పోవచ్చు.

"ఇక్కడ," అన్నాడు. "అందరూ దిగిపోయాక. టైముకి తెచ్చానని నీకు చూపిద్దామని వెనక్కి తిరిగితే లేవు."

ఆవిడ తలూపింది. ఆ జవాబు తనకి ముందే తెలిసినట్టుంది.

"బస్సు కదిలేటప్పుడు నేను మెట్ల పైదాకా వచ్చేశాను," అంది. "మీ చెయ్యి కూడా కనపడింది, గేరు మారుస్తూ. ఒక్క కేక వేస్తే ఆగేది. కేక గొంతు దాకా వచ్చింది. వెయ్యలేదు."

"ఎందుకే? ఒక్క కేక వేసుంటే..."

"చూద్దామనిపించింది. నేను లేకుండా ఎంత దూరం పోతారో చూద్దామని."

ఆయన ఆ రాయి మీద కూలబడ్డాడు. ఏడుపు ఎగదన్నుకొచ్చింది, ఆపుకోలేదు. ఆవిడ ఓదార్చలేదు. కోపంగానూ లేదు. తువ్వాలు ఆయన మెడలోనే ఉందని మాత్రం గుర్తుచేసింది.

అప్పుడే దూరంగా బస్సు దగ్గర్నుంచి ఈల వినపడింది. సాయంత్రం ట్రిప్పుకి వేళయింది. జనం ఎక్కి కూర్చున్నారు. కుంటి కాలితో కొత్త డ్రైవరు నడపలేడు. ఈయన లేకపోతే ఆ బస్సు కదలదు. ఈల విన్న కాళ్ళు ఆయన ప్రమేయం లేకుండానే లేచాయి. సగం లేచినవాడు ఆవిడ వైపు చూశాడు.

"వెళ్ళండి," అంది ఆవిడ. "జనం ఎదురుచూస్తున్నారు."

వెళ్తే ఆవిడ వెనకే వచ్చి వెనక సీట్లో కూర్చుంటుంది, అదీ ఆయనకి తెలుసు. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

రెండోసారి ఈల పడింది. మూడోది కాస్త కోపంగా పడింది. ఎవరో హారన్ కూడా నొక్కారు. కండక్టరు ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా! టైము! టైము దాటిపోయింది!"

"దాటనీ."

"అదేంటన్నా! జనం గోల పెడుతున్నారు. ఏం చెప్పమంటావు వాళ్ళకి?"

"బస్సు లేటని చెప్పు. మీ వదిన ఇంకా చూస్తోంది. చూడ్డం అయ్యాక వస్తాం."

కండక్టరు ఆయన మొహం వంకా, ఆవిడ మొహం వంకా మార్చి మార్చి చూసి, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. బస్సు దగ్గర గొడవ పెరిగింది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. "మావయ్యకేమైంది?" అని ఎవరో గట్టిగా అరిచారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మోకాలు ఆగకుండా ఊగుతోంది. అది ఊగకుండా రెండు చేతులతో అదిమిపట్టాడు. బస్సు వైపు తల తిప్పకుండా ఉండడానికి ఆయన పడుతున్న యాతన ఇంతా అంతా కాదు.

ఎదురుగా నది నీళ్ళు మట్టిరంగులో వచ్చి సముద్రంలో దిగుతున్నాయి. చాలా దూరం దాకా ఆ రంగు ఆ రంగుగానే ఉంది, పచ్చని నీళ్ళలో కలవకుండా. "ఎక్కడ కలుస్తాయంటావు?" అన్నాడు ఆయన, ఏదో ఒకటి మాట్లాడాలని.

"చూస్తున్నాగా," అంది ఆవిడ.

హారన్ మళ్ళీ మోగింది. ఈసారి పొడుగ్గా, వదలకుండా. ఆయన ఒళ్ళంతా ఉలిక్కిపడింది గాని లేవలేదు. పక్కన కూర్చున్న మనిషికి ఒక్కో నిమిషం ఎంత కష్టంగా గడుస్తోందో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. అయినా ఆవిడ తొందరపడలేదు. కాళ్ళు నీళ్ళలోకి ఇంకాస్త జాపుకుని, తీరిగ్గా చూస్తూ కూర్చుంది.